మగ్గం రీల్స్‌కి లక్షల వ్యూస్ వస్తున్నయ్, చీరలు మాత్రం కదుల్తలేవు. వీడియోతోని అమ్ముడు ఎట్ల?

పడుగుపేక
అందరికి నమస్తే. మాది భూదాన్ పోచంపల్లి పక్కపొంటి ఊరు. ఇంట్ల రెండు మగ్గాలున్నయ్, నాయిన, అన్న నేస్తరు, అమ్మ ఆసు పోస్తది (నేసే ముందు నూలును మేకుల చుట్టు తిప్పి వరస చేసుడు), నేను డిగ్రీ అయినంక అమ్మకం సంగతి చూస్కుంటున్న. మొన్నటిదాక మాల్ అంత షావుకారికే పోయేది, ఆయన ఇచ్చిన కూలే లెక్క. ఇప్పుడు కొన్ని చీరలు సొంతంగ నేసి ఆన్‌లైన్ల అమ్ముదామని యూట్యూబ్ చానెల్, ఇన్‌స్టా పేజీ రెండూ పెట్టినం. మగ్గం సప్పుడు, నాడె (అడ్డం దారం మోసేది) అటు ఇటు ఉరుకుడు, రంగుల అద్దిన నూలు దండెం మీద ఆరేసుడు, గివన్ని రీల్స్ జేసి పెడ్తున్న. కొన్నిటికి లక్షల్ల వ్యూస్ వచ్చినయ్. కామెంట్లు చూస్తే అందరు దండాలే, "మీ చేతులకు మొక్కాలె" అంటరు. ఫోన్ మాత్రం మోగది. ఇప్పుడు ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి నెల నెల ఇంత కట్టుండ్రి మేం చూస్కుంటం అంటున్నరు. ఇయ్యొచ్చా? వీడియోల మీదనే వ్యాపారం నడిపేటోళ్లు ఎవరన్న ఉంటే జెర చెప్పుండ్రి.

బెజవాడ_కెమెరా
తమ్ముడూ ఏజెన్సీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒకటి చెప్పు. ఆ లక్షల వ్యూస్ వచ్చిన రీల్‌లో చీర రేటు ఉందా? అసలు ఆ చీర అమ్మకానికి ఉందని ఎక్కడన్నా చెప్పావా? నీ నంబర్ ఎక్కడ పెట్టావ్?

పడుగుపేక
రేటు పెట్టలేదన్న, పెడితే పక్కోడు వంద తగ్గించి పెడ్తడని భయం. నంబర్ కింద డిస్క్రిప్షన్ల వాట్సాప్ లింక్ లెక్క ఇచ్చిన. మాట్లాడుడు ఏం లేదు, ఎనక పాట పెట్టిన.

బెజవాడ_కెమెరా
అదీ విషయం. నేను బెజవాడలో షాపులకి, ఊరగాయల వాళ్లకి, చిన్న చిన్న బ్రాండ్లకి వీడియోలు తీసి పెడతాను, ఇదే కథ రోజూ చూస్తుంటా.

ముందు లింక్ సంగతి. యూట్యూబ్ షార్ట్స్‌లో డిస్క్రిప్షన్‌లో గానీ కామెంట్స్‌లో గానీ పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా పనిచెయ్యవు, స్పామ్ గొడవ ఎక్కువైందని వాళ్లే తీసేశారు. అంటే నీ వాట్సాప్ లింక్ అక్కడ ఉత్త అక్షరాలే. నంబర్ వీడియో మీదే పెద్ద అంకెల్లో కనపడాలి, అదీ కింద టైటిలూ పక్కన లైక్ బటన్లూ కప్పెయ్యని చోట, అంటే తెర మధ్యకి కాస్త పైన. షార్ట్‌కి "రిలేటెడ్ వీడియో" అని ఒక ఆప్షన్ ఉంటుంది చూడు, అందులో నీ పెద్ద వీడియో తగిలించు, అది మాత్రం నొక్కితే వెళ్తుంది.

ఇక అసలు మాట. మగ్గం ఆడుతుంటే చూడటం అందరికీ ఇష్టమే, చీర కట్టని వాళ్లు కూడా చూస్తారు, తెలుగు రానివాళ్లూ చూస్తారు. ఒకసారి యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి ఆడియన్స్ ట్యాబ్‌లో ఏ దేశం వాళ్లు చూశారు, వాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది అనేది చూడు. ఆ వీడియో పనికిరాదు అనట్లేదు నేను, నీ పేరు నలుగురికీ తెలిసేది దానివల్లే. కానీ కొనేవాళ్లకి కావాల్సిన వీడియో వేరే. నీ ఇంటికి ఒకావిడ వచ్చి గుమ్మంలో కూర్చుంది అనుకో, ఏమడుగుతుంది? రేటెంత, పట్టా కాటనా, రంగు పోతుందా, బ్లౌజ్ రన్నింగా కాంట్రాస్టా, ఇదొక్కటే ఉందా ఇంకో రంగుందా, ఎన్నాళ్లకి వస్తుంది. ఆ ప్రశ్నలు ఆవిడ అడగక ముందే నువ్వు నోటితో చెప్పే వీడియో ఒక్కటి కూడా నీ చానెల్లో లేదు. అవి తీయి, ఒక్కో చీరకి నిమిషంన్నర చాలు.

వరంగల్_వస్త్రం
రేట్ విషయంల మాత్రం నేను ఒప్పుకోను అన్నా. మాది హనుమకొండల బట్టల షాపు. రేట్ చెప్పి వీడియో పెట్టినామంటే తెల్లారేసరికి ఆ వీడియో స్క్రీన్‌షాట్ పట్టుకొని కస్టమరే షాపుకొచ్చి ఫలానా ఊర్ల ఇంకా తక్కువకు ఇస్తుండ్రు అంటది. అది ప్రింటా నేతా అని చూసేది ఉండదు, ఫోన్ల రెండూ ఒక్కతీర్గనే కనపడ్తయ్. చేనేతోడు మిల్లు ప్రింటుతోని రేటు మీద కొట్లాడితే బతుకుతడా?

ఏజెన్సీల గురించి కూడ చెప్తా. మాకొక ఏజెన్సీ ఇన్ని లక్షల వ్యూస్ గ్యారంటీ అని కాగితం రాసిచ్చింది. వ్యూస్ ఇచ్చిన్రు, అబద్ధం కాదు. అవి ఏడికెల్లి వచ్చినయో తీసి చూస్తే మన భాష రాని రాష్ట్రాలయే ఎక్కువ. షాపుకు వచ్చి కొనేటోడు హనుమకొండ, కాజీపేట, పరకాల, జనగాం ఇంత దూరం నుంచే గదా వచ్చేది. అడిగితే కాగితంల అమ్మకం గురించి లేదు సార్ అన్నరు. అందుకే తమ్మీ, ఇచ్చుడు ఇయ్యకపోవుడు నీ ఇష్టం, ఇస్తే మాత్రం ఎన్ని వ్యూస్ అని కాదు ఎంతమంది వాట్సాప్ జేసిన్రు అని రాయించుకో.

డాలస్_వాణి
నేను కొనేదాన్నండి, అమ్మేదాన్ని కాదు. డాలస్‌లో ఉంటాం, మా ఫ్రెండ్స్ అందరం పండగలకి, పెళ్లిళ్లకి వీడియోలు చూసే చీరలు తెప్పించుకుంటాం. రేటు చెప్పని వీడియోకి నేనైతే మెసేజ్ పెట్టను, "ప్రైస్ ప్లీజ్" అని అడిగి ఇక్కడ అర్ధరాత్రి దాకా రిప్లై కోసం కూర్చోవడం ఎవరికి ఓపిక. రేటు ఎక్కువైనా పర్లేదు, ఎందుకు ఎక్కువో చెప్తే చాలు.

మాకు కావాల్సింది ఏంటంటే, మొదటిది రంగు. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ అని చూపించింది ఇక్కడికొచ్చాక ఎరుపో వంకాయ రంగో అవుతుంది, వెనక్కి పంపే చార్జీలకి ఇంకో చీర వస్తుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైట్ల కింద ఒకసారి, రెండూ చూపిస్తే ఆ షాపుని వదలం. రెండోది కొంగు మొత్తం విప్పి చూపించడం. చాలామంది మడతలోనే చూపించి తర్వాతి చీరకి వెళ్లిపోతారు. మూడోది, చీర ఒక మామూలు మనిషి మీద వేసి చూపించండి, మోడల్ అక్కర్లేదు, మీ అక్కో వదినో భుజం మీద వేసుకుని నిలబడితే అంచు ఎంత వెడల్పో బట్ట ఎంత బరువో తెలుస్తుంది.

లైవ్ పెట్టేవాళ్లకి ఒక మాట. మీకు రాత్రి 8:30 అంటే ఎండాకాలం న్యూయార్క్ వైపు ఉదయం 11, మాకు డాలస్‌లో 10. శనాదివారాలు ఆ టైమ్‌కి పెడితే ఇంట్లో కాఫీ తాగుతూ చూస్తాం. ఇంకోటి, 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకి వచ్చే 800 డాలర్ల లోపు పార్సిళ్లకి కూడా డ్యూటీ మినహాయింపు లేదు. ఆ డ్యూటీ ఎవరు కట్టాలో వీడియోలోనే చెప్పెయ్యండి, డెలివరీ వాడు గుమ్మం ముందు డబ్బులడిగినప్పుడు మాకు కోపం మీమీదే వస్తుంది.

కడియం_మొక్కలోడు
మాది కడియపులంక అండి, నర్సరీ. చీరల గురించి నాకేం తెలియదు గానీ వీడియో గురించి నాలుగు మాటలు చెప్తానండి. మా దగ్గర మొక్క రేటు కవర్ సైజుని బట్టి ఉంటది. అదే మామిడి అంటు చిన్న కవర్లో ఒక రేటు, 21x21 అంగుళాల కవర్లో ఎదిగింది ఇంకో రేటు. ఫొటో పంపితే సైజు తెలీదండి, కవర్ ఎంత, మొక్క ఎత్తెంత, కాండం లావెంత అని ఫోన్ మీద ఫోను. ఇప్పుడేం చేస్తామంటే మా కుర్రాడు మొక్క పక్కన నిలబడతాడు, టేపు పెట్టి కొలుస్తాడు, కవర్ అడుగున వేరు ఎలా ఉందో చూపిస్తాడు, ఈ లాట్‌లో ఇలాంటివి ఇన్ని ఉన్నాయి అని కెమెరా వరస చివరిదాకా తీసుకెళ్తాడు. హైదరాబాద్‌లో వెంచర్ వేసేవాళ్లు, బెంగుళూరు ల్యాండ్‌స్కేప్ వాళ్లు ఆ వీడియో చూసి లారీ లోడు ఆర్డర్ చెప్తన్నారండి, ఇదివరకు మనిషిని పంపి చూసుకునేవాళ్లు.

వ్యూస్ వందల్లోనే ఉంటాయండి ఆ వీడియోలకి. ఆ వందల్లో సగం మంది మొక్కలు కొనేవాళ్లే. టైటిల్ కూడా "అందమైన మా తోట" అని పెట్టమండి, "టెర్రస్ మీద కుండీలో కాసే నిమ్మ, రేటు, ఎరువు" అని పెడతాం. జనం సెర్చ్‌లో అదే కొడతారు కదండీ. రీల్ రెండ్రోజులకి చచ్చిపోద్ది, సెర్చ్‌లో దొరికే వీడియో మాత్రం రెండేళ్ల తర్వాత కూడా ఫోన్ చేయిస్తది.

గుంటూరు_జాడీ
కడియం అన్నయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి పంపిస్తాను. నాకు రీల్స్ కన్నా వాట్సాప్ ఎక్కువ పని చేస్తుంది. ఎండాకాలం కాయ రాగానే తోటలో కాయ కొనడం, ముక్క కొట్టడం, ప్రతి ముక్కకీ టెంక పెంకు ఉందా లేదా చూపించడం, గానుగ నూనె డబ్బా సీలు తీయడం, ఇవన్నీ చిన్న చిన్న ముక్కలుగా తీసి స్టేటస్‌లో పెడతాను. పోయినేడు కొన్నవాళ్లు అది చూసి "అక్కా మాకు రెండు కేజీలు రాసుకో" అని పెట్టేస్తారు, ఇంకా కలపకముందే సగం బుకింగ్ అయిపోతుంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ గురించి చాలామందికి తెలీదు, అందులో 256 మందినే పెట్టగలం, పైగా మన నంబర్ వాళ్ల ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. అందుకే పార్సిల్‌లో ఒక చీటీ పెడతాను, "ఈ నంబర్ ఫలానా పేరుతో సేవ్ చేసుకోండి, కొత్త కాయ రాగానే వీడియో వస్తుంది" అని. వీడియో పంపేటప్పుడు హెచ్‌డీ అని నొక్కి పంపండి, లేకపోతే మసక మసకగా వెళ్తుంది, అందులో కారం రంగు ఏం తెలుస్తుంది, చీర రంగు ఏం తెలుస్తుంది.

పడుగుపేక తమ్ముడూ, కామెంట్లలో దండం పెట్టినవాళ్లందరికీ రిప్లై ఇవ్వు. ఒక్కరు "పట్టులో ఉందా" అని అడిగినా దానికి జవాబుగా ఇంకో వీడియో తీయి. కస్టమర్ అడిగిన ప్రశ్నే టైటిల్ చెయ్యి.

పడుగుపేక
అక్కా, వాణి గారు, కడియం అన్న, అందరికి శనార్తులు. స్టూడియోల చూసిన, కెమెరా అన్న చెప్పినట్టే ఉంది, మళ్ల మళ్ల వచ్చి చూసేటోళ్లు బాగ తక్కువ. వరంగల్ అన్న మాట కూడ నాకు కడుపుల మెదుల్తనే ఉంది. మా దగ్గర ఒక డబుల్ ఇకత్ పట్టుచీరకు (నిలువు, అడ్డం నూలు రెండిటికి ముందే రంగులద్ది నేసేది) రోజులకు రోజులు పడ్తది. అదే డిజైన్ ప్రింటు కొట్టి "పోచంపల్లి చీర" అని పేరు వెట్టి పదో వంతుకు అమ్ముతరు. వీడియోల రెండూ ఒక్కతీర్గ కనపడ్డంక నా రేటు ఎట్ల నిలబడ్తది? గిది ఎట్ల చూపియ్యాలె?

చిటికి_అక్క
నేను చేనేత సొసైటీల్లో పనిచేసినదాన్ని, ఇది నాకు బాగా దగ్గర విషయం, కాస్త పెద్దగా రాస్తాను ఏమనుకోవద్దు.

ఫోన్లో రెండూ ఒకేలా కనపడతాయి అనేది దూరం నుంచి తీస్తేనే. దగ్గరకెళ్లండి. ఒకే షాట్, కట్ చెయ్యకుండా. చీర పైవైపు చూపించి, అదే చేత్తో అంచు పట్టుకుని తిప్పి వెనకవైపు చూపించండి. ఇకత్‌లో రంగు నూలుకే ఎక్కించి తర్వాత నేస్తారు కాబట్టి ముందు ఎంత ముదురుగా ఉందో వెనక కూడా అంతే ఉంటుంది. ప్రింట్ వెనక వెలిసినట్టుంటుంది. ఇంకొంచెం దగ్గరకెళ్తే డిజైన్ గీత చివర నిటారుగా తెగినట్టు ఉండదు, నూలు పోగులు కొంచెం అటూ ఇటూ జరిగి అంచు చెదిరినట్టు, ఈకలాగా ఉంటుంది. చాలామంది అది లోపం అనుకుంటారు, అదే చేతి నేత అని మీరు వేలు పెట్టి చూపించాలి. తర్వాత ఒక దారం లాగి చూపించండి, ఒకే పోగు మీద ఎరుపు, తెలుపు, నలుపు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఆ పోగు చూశాక ఎవరూ దాన్ని ప్రింటుతో పోల్చరు.

పని ఎంతో కూడా చెప్పండి. ఆసు గురించి ఒక్క వీడియో తీస్తే చాలు. చేత్తో ఆసు పొయ్యాలంటే ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, మీ అమ్మగారికి భుజం నొప్పి ఉందో లేదో అడగండి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ బాధ చూడలేకే లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంత కథ మీ ఇంట్లోనే ఉంది, పాట వేసి దాన్ని మింగేస్తున్నారు. పాట తీసేసి అమ్మని మాట్లాడనివ్వండి. నూలుకి రబ్బరు పట్టీలు కట్టడం (చిటికి కట్టు అంటాం), రంగులో ముంచడం, విప్పడం, మళ్లీ కట్టడం, ఒక్కో రంగుకి ఇది మళ్లీ మళ్లీ చేస్తారని కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు? అది చూశాకే రేటు చెప్పండి. అప్పుడు రేటు చెప్పడానికి భయపడక్కర్లేదు.

పట్టుకి సిల్క్ మార్క్ లేబుల్, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే అవి కూడా క్లోజప్‌లో చూపించండి. పోచంపల్లి ఇకత్‌కి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం పేరుకి చట్టం ఇచ్చే రక్షణ) ఉంది, ప్రింటుని ఆ పేరుతో అమ్మడం చట్టప్రకారం నేరం అని ధైర్యంగా చెప్పండి.

వరంగల్_వస్త్రం
అక్క చెప్పిన ఆ వెనకవైపు తిప్పుడు, దారం లాగుడు బాగుంది. రేటు ముందుగాల చెప్పకుండ పని చూపిచ్చి చెప్పుడు అంటే నేనూ ఒప్పుకుంట. కానీ రెండు నిమిషాలు ఆగి చూసేటోళ్లు ఎంతమంది ఉంటరు, మూడు సెకండ్లకే పైకి జరిపేస్తరు గదా.

బెజవాడ_కెమెరా
ఆ మూడు సెకండ్లలోనే తిప్పాలి అన్నా. మొదటి షాట్‌లోనే ప్రింటు చీర ఒక చేతిలో, నేత చీర ఒక చేతిలో, "ఈ రెంటిలో ఏది చేత్తో నేసిందో చెప్పండి" అని అడిగి అప్పుడు వెనక్కి తిప్పితే ఎవరు జరుపుతారు? నమస్కారం, మా చానెల్‌కి స్వాగతం, సబ్‌స్క్రైబ్ చెయ్యండి, బెల్ నొక్కండి, ఇవన్నీ మొదట్లో అనవసరం. స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే ఏ మాట దగ్గర జనం లేచిపోయారో కనపడుతుంది.

వ్యాపారం వీడియోలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికాలో యూటా రాష్ట్రం బ్లెండ్‌టెక్ కంపెనీ. 2006లో మిక్సీలో గోలీలు, గార్డెన్ రేక్ పిడి వేసి తిప్పి యూట్యూబ్‌లో పెట్టారు, తర్వాత ఐఫోన్ కూడా పొడి చేశారు. మొదట్లో వాళ్లు పెట్టిన ఖర్చు దాదాపు 50 డాలర్లు. మా మిక్సీ గట్టిది అని ఒక్క ముక్క అనలేదు, తిప్పి చూపించారు. అక్క చెప్పిన వెనక్కి తిప్పడం అదే పని చేస్తుంది.

ఇప్పుడు తీయడం గురించి, తమ్ముడు ఫోనే వాడతాడు కాబట్టి ఫోన్ వరకే చెప్తా. రంగు మారిపోవడానికి ముఖ్య కారణం ఆటో వైట్ బ్యాలెన్స్. ఎర్ర చీర దగ్గరకి వెళ్లగానే ఫోన్ తనంతట తనే రంగు సరిచేసేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ ఒక అంకె దగ్గర పెట్టి వదిలెయ్యి, అది లేని ఫోన్ అయితే తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ అన్నా లాక్ అవుతుంది. ఒక తెల్ల కాగితం చీర పక్కన పెడితే చూసేవాళ్లకి రంగు అంచనా దొరుకుతుంది. మగ్గం గుంటలో ట్యూబ్‌లైట్ ఉంటే వీడియోలో చారలు పారుతుంటాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకండులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టు, పోతాయి. అన్నిటికన్నా ముందు ఒక కాలర్ మైక్ కొనుక్కో. కొంచెం మసకగా ఉన్న వీడియో చూస్తారు గానీ మాట వినపడకపోతే ఉండరు.

కడియం_మొక్కలోడు
మాట అంటే గుర్తొచ్చిందండి, మన ఊరి మాటే మాట్లాడండి. న్యూస్ చదివినట్టు మాట్లాడొద్దండి. జగిత్యాల వైపు లంబాడిపల్లి కుర్రోళ్ల మై విలేజ్ షోలో గంగవ్వ గారిని అందరూ అంతలా ఎందుకు చూశారండి, వాళ్లూరి మాట అలాగే మాట్లాడారు కాబట్టి. మా వీడియోల్లో ఆయ్ అంటే హైదరాబాద్ వాళ్లు ఫోన్ చేసి మీ మాట బావుందండి అని మరీ మొక్కలు చెప్తారు.

లెక్కల_పద్దు
నేను హైదరాబాద్‌లో ఆడిటర్‌గా చేస్తున్నాను. ఇందాకటి నుంచి చదువుతున్నా, ఎవరూ ఎత్తని రెండు మూడు విషయాలు.

ఒకటి, ఫాలోవర్లు ఎక్కువున్న ఎవరికైనా చీర ఉచితంగా ఇచ్చి వీడియో చేయించుకుంటే అది ప్రకటనే. అందులో అది ప్రకటన అని కనపడేలా పెట్టాలి, యాస్కీ (ప్రకటనల రంగం సొంత నియంత్రణ సంస్థ) నిబంధనలు 2021 నుంచే ఉన్నాయి, 2023 జనవరిలో కేంద్రం కూడా "ఎండార్స్‌మెంట్ నో-హౌస్" అని విడుదల చేసింది. డబ్బు ఇవ్వలేదు కదా అంటే కుదరదు, చీర ఇచ్చినా అదే లెక్క. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. కాబట్టి పట్టు కాటన్ కలిపి నేసింది ఉంటే ప్యూర్ పట్టు అని నోరు జారొద్దు, వీడియో సాక్ష్యంగా ఉంటుంది.

రెండు, సినిమా పాటలు. మనిషి సొంత అకౌంట్‌లో పెట్టుకునే పాటలన్నీ ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంట్‌కి రావు, వ్యాపారానికి వాడుకునే హక్కు ఆ లైసెన్సులో ఉండదు. మగ్గం సప్పుడు ఉంది కదా, దానికి ఎవరి హక్కూ అడగక్కర్లేదు.

మూడు, పచ్చళ్ల అక్క లాంటివాళ్లు వీడియోలో 14 అంకెల ఆహార లైసెన్సు, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూపించండి, కొనేవాళ్లకి అది పెద్ద ధీమా.

గుంటూరు_జాడీ
నా లేబుల్ మీద ఉందండి ఆ నంబర్, ప్యాకింగ్ వీడియోలో దగ్గరగా చూపిస్తాను. ఇంకో బాధ కూడా చెప్పాలి. మన వీడియో డౌన్‌లోడ్ చేసి, మన నంబర్ మీద వాళ్ల నంబర్ అంటించి, సగం రేటు అని పెట్టి డబ్బులు వేయించుకుని బ్లాక్ చేసేవాళ్లు ఉన్నారు. కొన్న ఆవిడ మన ముఖం చూసి మనమే అనుకుంటుంది. పాపం ఒక పెద్దావిడ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది, మనసంతా పాడైపోయింది ఆ రోజు.

లెక్కల_పద్దు
అలాంటప్పుడు డబ్బు పోగొట్టుకున్నవాళ్లని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అకౌంట్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. మీరు వీడియో ఓనర్‌గా యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఆ చానెల్ పోతుంది.

బెజవాడ_కెమెరా
నంబర్ ఒక మూల పెట్టకండి, మూల అయితే క్రాప్ చేసేస్తారు. చీర మీదుగా, పల్చగా, వీడియో మొత్తం కనపడేలా ఉండాలి. లేదంటే అట్ట ముక్క మీద స్కెచ్‌తో నంబర్ రాసి చీర పక్కనే పెట్టి తీయండి. నోటితో కూడా నంబర్ చెప్పండి, మాట చెరపడం కష్టం.

డాలస్_వాణి
కొనేవాళ్ల వైపు నుంచి ఇంకొకటి. పార్సిల్ విప్పే ఓపెనింగ్ వీడియో లేకపోతే కంప్లైంట్ తీసుకోం అని అందరూ అంటున్నారు, సరే తీస్తాం. మీరు కూడా ప్యాక్ చేసేటప్పుడు చీర మొత్తం విప్పి, మరకా చిరుగూ లేదని చూపించి, మడిచి, నా పేరు రాసిన కవర్లో పెట్టే వీడియో నాకు పంపండి. నాకు అలా పంపే షాపు ఒకటుంది, మా ఫ్రెండ్స్ అందరికీ నేనే చెప్పి కొనిపించాను.

పడుగుపేక
ఇగ నాకు అర్థమైంది. ఏజెన్సీ వాళ్లకు ఇప్పుడు వద్దని చెప్తున్న. మగ్గం రీల్స్ బంద్ పెట్టను, వారానికి ఒకటి పెడ్త, అండ్ల చివర్ల చీర, రేటు, నంబర్ వస్తయ్. ఒక్కో చీరకు నిమిషంన్నర వీడియో వేరే తీస్త, ముందు ప్రింటు పక్కన వెట్టి తిప్పుడు, దారం లాగుడు, కొంగు మొత్తం ఇప్పుడు, మా వదిన భుజం మీద ఏసుకొని నిలబడుడు. అమ్మను ఆసు గురించి మాట్లాడమంటే "నాకేం వస్తది బిడ్డా" అంటుంది, ఎట్లనన్న ఒప్పిస్త. ఒక పెద్ద వీడియో కూడ అనుకుంటున్న, నూలు కాడికెల్లి మడత దాక, పది పదిహేను నిమిషాలు. అంత పెద్దది చూస్తరా?

చిటికి_అక్క
అమ్మని కెమెరా వైపు చూడమనకండి. పని చేసుకుంటూ ఉండమనండి, మీరు పక్కన కూర్చుని మామూలుగా ప్రశ్నలడగండి. "నువ్వు ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నవ్" అని మొదలుపెట్టండి చాలు, తర్వాత ఆవిడ ఆగరు.

బెజవాడ_కెమెరా
పెద్ద వీడియో తప్పకుండా తీయి, చీర మీద వేలకు వేలు పెట్టేవాళ్లు అది చూసే కొంటారు. డిస్క్రిప్షన్‌లో చాప్టర్లు పెట్టు. 0:00 నుంచి మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి 10 సెకండ్లకి తగ్గకూడదు, అప్పుడే యూట్యూబ్ వాటిని చూపిస్తుంది. నూలు, చిటికి కట్టు, రంగు, ఆసు, నేత, వెనకవైపు, రేటు, ఎలా కొనాలి, ఇట్లా పెట్టుకో. పెద్ద వీడియో డిస్క్రిప్షన్‌లో లింకులు పనిచేస్తాయి, వాట్సాప్ లింక్ అక్కడ పెట్టు. షార్ట్స్ అన్నిటికీ రిలేటెడ్ వీడియోగా దీన్నే తగిలించు. మొబైల్ నుంచి లైవ్ కావాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, నీకు ఉన్నారు, కానీ మొదటిసారి ఆన్ చేశాక 24 గంటలు పట్టొచ్చు. శనివారం లైవ్ అనుకుంటే గురువారమే ఆన్ చేసి పెట్టుకో.

వరంగల్_వస్త్రం
తమ్మీ, ఆ ప్రింటు పక్కన వెట్టి తిప్పే వీడియో అయినంక లింక్ ఇయ్యి. మా షాపుల టీవీ ఉంది, కౌంటర్ ఎనక రోజంత నడిపిస్త. నీ చీరలు ఒక నాలుగు పంపు, రేటు నువ్వు చెప్పిందే.

పడుగుపేక
అన్నా తప్పకుండ. రెండు పట్టు, రెండు కాటన్ పంపుత, ప్యాకింగ్ వీడియో మీ వాట్సాప్‌కు వస్తది. వాణి గారు, శనివారం రాత్రి 8:30కు లైవ్ పెడ్తున్న, ముందుగాల చిన్న అంచు కాటన్‌లు చూపిస్త, పట్టు తొమ్మిదింటి నుంచి. అమెరికా డ్యూటీ ఎంత పడ్తదో కొరియర్ ఆయనను అడిగి లైవ్‌లనే చెప్త.

డాలస్_వాణి
నేనూ ఇంకో ముగ్గురం ఉంటాం. పట్టులో ముదురు నీలం ఉంటే పగలే కిటికీ దగ్గర ఒక చిన్న వీడియో తీసి పెట్టుకోండి, రాత్రి లైవ్‌లో నీలానికీ నలుపుకీ తేడా తెలియదు.